మాటల అంగడి

మొరాకో దేశమందలి మరాకెష్ నగరమున సంతకు వేళ నిర్ణయించునది ఎండ. జూలై, ఆగస్టు మాసములలో మధ్యాహ్నమున 37, 38 డిగ్రీల వేడి అచ్చట సామాన్యము. 45 దాటు దినములును లేకపోలేదు. ఆ సమయమున నగరమధ్యమందలి జెమా ఎల్ ఫ్నా మైదానమున నిలిచిన బాటసారికి కనబడునది స్వల్పము. నారింజరసము అమ్ము బండ్లు, గొడుగుల క్రింద పాములవాండ్రు, గోరింట పెట్టు స్త్రీలు, వారి చుట్టును కాలుచున్న నేల. లోకమున ఇంత పేరుగన్న సంత ఇదియేనా యని అతడు నిరాశ చెందవచ్చును.

ఉత్తరముగా నాలుగడుగులు వేసినచో ఆ నిరాశ తీరును. సూకులు అనబడు అంగడివీథులు అచ్చటినుండి చిక్కుపడిన దారమువలె అల్లుకొనియున్నవి. పైన రెల్లును కఱ్ఱలును పరచిన పందిళ్లు. వాని సందులనుండి ఎండ చారలు చారలుగా దిగును. ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క వీథి. రంగులద్దువారి వీథిలో తడి ఉన్నిచిలపలు తలలపై వ్రేలాడుచుండును. కమ్మరుల వీథిలో సుత్తిమ్రోత యెడతెగదు. వేఱొకచోట పసుపుపచ్చని తోలుచెప్పులు గోడనిండ అమర్చియుందురు. రహ్బా ఖదీమా అను బయలులో జీలకఱ్ఱ, అల్లము, ఎండిన గులాబిమొగ్గలు రాసులుగా నుండును. వర్తకుడు మొదట చెప్పునది ధర కాదు. సంభాషణకు నాంది మాత్రమే. పుదీనా తేనీరు వచ్చును, కుశలప్రశ్నలు సాగును, పిమ్మట బేరము కుదురును. మాటకు విలువ యిచ్చు సంత యిది యని బాటసారి అప్పుడు గ్రహించును.

ఆ విలువ పూర్తిగా తెలియుటకు సాయంకాలము కావలెను. పన్నెండవ శతాబ్దినాటి కుతుబియా మసీదు మీనారు 77 మీటర్ల యెత్తున నున్నది. దాని వెనుక సూర్యుడు వ్రాలగనే మైదానము మేలుకొనును. వంటబండ్లు వరుసలు తీరును, పొగ లేచును, గ్నావా గాయకులు ఇనుపతాళములు మ్రోగింతురు. ఈ మైదానపు పేరునకు ‘మృతుల కూటము’ అని కొందఱు అర్థము చెప్పుదురు. ఆ వేళ దానిని చూచినవారికి ఆ అర్థము రుచింపదు.

ఆ సందడిలో జనులు అచ్చటచ్చట వలయములుగా గుమిగూడుదురు. ఆ వలయమునకు ‘హల్కా’ యని పేరు. నడుమ నిలిచిన కథకునికి అంగడి లేదు, తక్కెడ లేదు, సరకు లేదు. అరబ్బీ వీరుడైన అంతర్ కథ, వేయిన్నొక్క రాత్రుల కథలు అతని మూలధనము. నాయకుడు ఆపదలో చిక్కుకొన్న ఘట్టమున అతడు కథ నాపి చేయి చాచును. నాణెములు పడిన పిమ్మటగాని నాయకునికి విముక్తి లేదు. జర్మన్ భాషా రచయిత ఎలియాస్ కనెట్టి, 1981లో నోబెల్ బహుమానము పొందినవాడు, 1954లో ఇచ్చటికి వచ్చి, ఒక్క పదమైనను తెలియకయే ఆ కథకుల యెదుట మంత్రముగ్ధుడై నిలిచెను.

పదునొకండవ శతాబ్దమున వెలసిన ఈ నగరపు ప్రాచీనభాగమును 1985లో యునెస్కో ప్రపంచవారసత్వముగా గుర్తించెను. అది కట్టడములకు దక్కిన గౌరవము. మాటల సంగతి యేమి? 1990 దశకమున మైదానపు పరిసరములను ఆధునిక నిర్మాణములతో మార్చు ఆలోచనలు బయలుదేరగా, ఆ చెంతనే నివసించుచుండిన స్పెయిన్ రచయిత హువాన్ గోయ్‌తిసోలో వానిని ప్రతిఘటించెను. నోటిమాటయు వారసత్వమే యని ఆయన వాదించెను. 2001లో యునెస్కో తొలిసారిగా ప్రకటించిన 19 మౌఖిక, అమూర్త వారసత్వములలో ఈ మైదానమునకు స్థానము లభించినది. కేరళదేశపు కూడియాట్టమును ఆ జాబితాలోనిదే.

అయినను గౌరవము పెరిగినకొలది కథకులు పెరుగలేదు, తగ్గిరి. చలనచిత్రము, టెలివిజను శ్రోతలను ఇంటికి పిలుచుకొనిపోయినవి. ధ్వనివర్ధకముల హోరులో ఒంటరి కంఠము వినబడదు. దూరదేశములనుండి వచ్చువారికి భాష రాదు. వారు ఛాయాచిత్రము తీసికొని కదలిపోవుదురు. భోజనము అమ్మువాడు బాగుపడును. కథ చెప్పువాడు ముసలివాడగును. ఇటీవల కొందఱు యువతీయువకులు వృద్ధకథకులవద్ద శిష్యులై, తేనీటిశాలలలో పరభాషలయందును ఆ కథలు వినిపించుచున్నారు. ఇది మంచిమాటయే. కాని కథ గదిలోనికి పోయిన పిమ్మట, సంతకు వచ్చిన కూలివానికి అది దక్కునా?

2020లో కరోనా వ్యాధి మైదానమును నిర్జనము గావించినది. 2023 సెప్టెంబరు 8 నాటి భూకంపమున అచ్చటి చిన్న మసీదు మీనారు కూలినది. జనులు తిరిగివచ్చిరి, మీనారును మరల కట్టవచ్చును. శిష్యుడు లేక మరణించిన కథకుని కథను మరల కట్టుట యెవరి తరము? ఆ సంతలో తిరుగు బాటసారి చెప్పులు కొనిననేమి, కొనకున్ననేమి? భాష తెలియకున్నను ఒక వలయమున కొంతసేపు నిలిచి, కథ ఆగినచోట ఒక నాణెము వేసి, మరల మొదలగువఱకు కదలకుండుట అతడు చేయదగిన పని.