నెలలు నిండని శిశువుల భాషావికాసం: సవరించిన వయస్సు ఆవశ్యకత

గర్భధారణలో 37 వారాలు నిండకముందే జన్మించిన శిశువు భాషావికాసాన్ని పుట్టిన తేదీనిబట్టి కాక, 40 వారాల ప్రాతిపదికపై సవరించిన వయస్సునుబట్టి అంచనా వేయాలి. 32 వారాలకు పుట్టిన శిశువుకు ఏడాది నిండేనాటికి సవరించిన వయస్సు సుమారు 10 నెలలే. అప్పటికి ‘అత్త’, ‘తాత’ అనకపోవడం ఒక్కటే జాప్యానికి నిదర్శనం కాదు.

రెండేళ్లు దాటాక సాధారణంగా ఈ సవరణ వర్తించదు. అప్పటికీ రెండు మాటలు కలిపి పలకకపోతే, ‘మేనమామకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి’ అన్న ఊరట విలువైన చికిత్సాకాలాన్ని హరిస్తుంది. ఈ శిశువులలో వినికిడి లోపానికి అవకాశం ఎక్కువ కనుక, వినికిడి పరీక్షకు అంతవరకు ఆగరాదు.

విజయవాడలో చికిత్స పొంది దివిసీమ, గుడివాడ ప్రాంతాల పల్లెలకు చేరే శిశువు ఎన్ని వారాలకు జన్మించిందో అంగన్‌వాడీ కార్యకర్తకు తెలియాలి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వికాస జాప్యాలను కూడా పరీక్షిస్తుంది. వారాల లెక్క తెలియనిచోట ఆ పరీక్ష అనవసర భయానికో, అకాల ఊరటకో దారితీస్తుంది.