గిలక మోగితే ఆగండి

ఎండుగడ్డిలోంచి ఉన్నట్టుండి ఒక చప్పుడు. కాగిన నూనెలో తడి కరివేపాకు పడ్డప్పటి చిటపట ఆగకుండా సాగితే ఎలా ఉంటుందో అలా. అరిజోనా, టెక్సాస్, కాలిఫోర్నియా కొండదారుల్లో నడకకు వెళ్లే మనవాళ్లు తప్పక గుర్తుపట్టాల్సిన చప్పుడిది. అక్కడ గిలకపాము, అంటే ర్యాటిల్‌స్నేక్ ఉందన్నమాట.

అమెరికా ఖండాల్లో తప్ప ఈ పాము సహజంగా మరెక్కడా లేదు. మన రక్తపింజరికి దూరపు చుట్టం. కంటికీ ముక్కురంధ్రానికీ మధ్య ఉన్న గుంటతో చీకట్లో కూడా ఎలుక ఒంటి వేడిని పసిగడుతుంది.

గిలక మన గోళ్లలాగే కెరటిన్‌తో తయారైంది. లోపల గింజలేమీ ఉండవు. ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న బోలు తునకలను తోక కండరాలు సెకనుకు 90 సార్ల దాకా ఆడిస్తే అవి తగులుకుని మోగుతాయి. కుబుసం విడిచినప్పుడల్లా ఒక తునక చేరుతుంది, పాతవి విరిగిపోతుంటాయి. అందుకే తునకలు లెక్కపెట్టి వయసు చెప్పలేం. అప్పుడే పుట్టిన పిల్లకు ఉన్న ఒక్క తునకా మోగదు. విషం మాత్రం ఉంటుంది.

గిలకపామును గుర్తుపట్టడానికి తల ఆకారాన్ని నమ్ముకోకండి. విషంలేని గోఫర్ పాము కూడా బెదిరితే తల వెడల్పు చేసి, ఎండుటాకుల్లో తోక ఆడించి అలాగే చప్పుడు చేస్తుంది. దాని తోక సన్నగా మొనదేలి ఉంటుంది. గిలకపాము తోక మొద్దుగా ముగుస్తుంది. వెస్టర్న్ డైమండ్‌బ్యాక్‌కైతే గిలకకు ముందు నలుపు తెలుపు పట్టీలుంటాయి.

మనం దగ్గరయ్యే కొద్దీ పాము గిలక వేగం పెంచి, ఒక దూరం దాటగానే ఒక్కసారిగా హెచ్చిస్తుందని 2021లో ఒక పరిశోధన చూపింది. దాంతో పాము ఉన్నచోటి కంటే దగ్గరగా ఉన్నట్టు మనకు వినిపిస్తుంది. కాటేయకుండా ఇలా హెచ్చరించడానికి కారణముంది. విషం దానికి వేటకు అవసరం. మింగలేని మనిషి మీద ఖర్చు చేయడం నష్టమే. అయితే చాలాసార్లు గిలక మోగించకుండా మట్టిరంగులో కలిసి కదలకుండా పడుకుంటుంది. అందుకే చప్పుడు లేదని ధైర్యపడకండి. కాలు పెట్టే చోటు, చెయ్యి వేసే బండ ముందు చూసుకోండి.

మోగితే ఆగండి. ఎక్కడుందో చూసి మెల్లగా వెనక్కి తగ్గండి. ఫోటో కోసం దగ్గరికి వెళ్లకండి, చంపబోకండి. తెగిన తల కూడా కాటేయగలదు. కాటు పడితే కొయ్యడం, పీల్చడం, తాడు కట్టడం వద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి వెంటనే 911కు ఫోన్ చేయండి. దాని దారి దానికి వదిలేస్తే మన దారి మనకు క్షేమం.