టాంకు నింపే మోటారు: కాంపర్లో ప్రొపేన్ జనరేటరు

కాంపర్ ట్రెయిలర్ కొన్న మిత్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎన్ని వాట్ల జనరేటరు కొనమంటారు?" సర్వర్లకి లోడు లెక్కలు కట్టే మనబోటి వాళ్ళు ఈ ప్రశ్నని కాస్త మార్చి అడగాలి. ముందు తేల్చుకోవలసింది వాట్లు కాదు, రోజుకి ఎన్ని యూనిట్లు కావాలన్నది.

మన ఊళ్ళో ఇంటి మీద ఉండే నీళ్ళ టాంకుని తలుచుకోండి. కరెంటున్నప్పుడు ఓ అరగంట మోటారు వేసి టాంకు నింపుతాం. రోజంతా కుళాయిలు దాని మీదే నడుస్తాయి. కుళాయి తిప్పినప్పుడల్లా మోటారు వెయ్యం కదా! కాంపర్లో బాటరీ టాంకు, జనరేటరు మోటారు. మిగతాదంతా ఈ ముక్కకి వివరణే.

రోజుకి ఎన్ని యూనిట్లు?

యూనిట్ అంటే వెయ్యి వాట్లు ఒక గంట వాడటం. మా ట్రెయిలర్లో ఫ్రిజ్, పొయ్యి, హీటరు మూడూ ప్రొపేన్ మీదే నడుస్తాయి. కరెంటు లైను లేని చోట, చలి రాత్రి ఉన్న రోజున మా నలుగురికీ అయ్యే ఖర్చు ఇది: హీటరు ఫాను 100 వాట్ల చొప్పున ఐదు గంటలకి అర యూనిట్. రెండు లాప్‌టాపులు నాలుగేసి గంటలకి మరో అర. శాటిలైట్ ఇంటర్నెట్ డిష్ నాలుగు గంటలకి 0.3. లైట్లు, నీళ్ళ పంపు, ఫోన్లు అన్నీ కలిపి 0.2. మొత్తం ఒకటిన్నర యూనిట్లు.

దీన్ని 24 గంటలకి పంచితే సగటు లోడు 65 వాట్లు కూడా లేదు! దీనికోసం 2000 వాట్ల జనరేటరుని రోజంతా నడపడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఇంజను తన్ను తాను తిప్పుకోవడానికే బోలెడు ఇంధనం ఖర్చవుతుంది. లోడు తక్కువైన కొద్దీ ఆ వృథా పెరుగుతుంది. అదే, 55 ఆంపియర్ల ఛార్జరు తగిలించి రెండు గంటలు నడిపితే బాటరీల్లోకి ఒకటిన్నర యూనిట్లు చేరతాయి. 100 ఆంపియర్-గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బాటరీ ఒకటి 1.28 యూనిట్లు దాస్తుంది. రెండుంటే నిశ్చింత.

సిలిండరు లెక్క

ఇక్కడ ఇళ్ళలో వాడే 20 పౌండ్ల సిలిండరులో 9 కిలోల ప్రొపేన్ ఉంటుంది (మన ఇండియా వంటగ్యాసు బండలో 14.2 కిలోలు). అది కాలితే వచ్చే వేడి సుమారు 126 యూనిట్లు. చిన్న జనరేటరు మంచి లోడు మీద అందులో ఏడో వంతుని కరెంటుగా మార్చిందనుకుందాం. అంటే 18 యూనిట్లు. ఛార్జరులో పోయేది తీసేసినా, రోజుకి రెండు గంటల పద్ధతిలో సిలిండరు తొమ్మిది పది రోజులు వస్తుంది. రోజంతా నడిపితే రెండు రోజులు దాటడం కష్టం.

ఈ ఏడో వంతు లెక్క ఇంకో పాఠం చెబుతుంది. వేడి కావలసిన పనికి జనరేటరు కరెంటు వాడకండి. గ్యాసుని మండించి, కరెంటు చేసి, ఆ కరెంటుతో రైస్ కుక్కర్ వేడెక్కించడం కంటే, అదే గ్యాసు పొయ్యి మీద ప్రెషర్ కుక్కర్ పెడితే అన్నం ఎంతో తక్కువ ఖర్చుతో ఉడుకుతుంది. మిక్సీకి మాత్రం సందేహించనక్కరలేదు. 550 వాట్లదైనా పచ్చడికి పది నిమిషాలు తిప్పితే పదో వంతు యూనిట్ కూడా కాదు.

పెట్రోలు ఎందుకు కాదు?

పెట్రోలు కొన్ని నెలలు నిలవుంటే పాడై కార్బురేటరులో జిగురు కడుతుంది. ఏడాదికి నాలుగుసార్లు కాంపింగుకి వెళ్ళే వాళ్ళకి ఇదే పెద్ద బెడద. ప్రొపేన్ ఎన్నేళ్ళున్నా పాడవదు. పైగా పొయ్యి కోసం ఎలాగూ వెంట ఉంటుంది. చలి సంగతి చూస్తే, ఇండియా వంటగ్యాసులో ప్రొపేన్‌తో పాటు ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. కానీ బాగా చలిలో పీడనం తగ్గుతుంది, గ్యాసు వేగంగా లాగితే సిలిండరు ఇంకా చల్లబడి మంచు పడుతుంది. అందుకని చలికాలంలో నిండు సిలిండరే వాడండి.

నష్టం కూడా ఉంది. పెట్రోలుతో పోలిస్తే పదో వంతు శక్తి తగ్గుతుంది. ఎత్తుకి వెళ్ళే కొద్దీ, ప్రతి వెయ్యి అడుగులకీ మరో 3 శాతం పోతుంది. ఎల్లోస్టోన్‌లో కాన్యన్ కాంప్‌గ్రౌండ్ దాదాపు 7,900 అడుగుల ఎత్తున ఉంది. కింద ప్రొపేన్ మీద 1500 వాట్లిచ్చే జనరేటరు అక్కడ 1150 ఇస్తే గొప్ప. మన ఛార్జరుకి అది చాలు. ఏసీకి చాలదు. ఎండాకాలం టెక్సాస్‌లో ఏసీ నడపాలంటే ఆ లెక్క వేరు, జనరేటరూ వేరు.

వేళలు కూడా చూసుకోవాలి. ఎల్లోస్టోన్‌లో జనరేటర్లకి అనుమతి ఉన్న కాంప్‌గ్రౌండ్లలోనూ ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే నడపనిస్తారు. కొన్ని చిన్నవాటిలో అసలు ఒప్పుకోరు. రెండు గంటల పద్ధతికి ఈ నియమం అడ్డే కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది

ప్రొపేన్ శుభ్రంగా మండుతుంది కాబట్టి ప్రమాదం లేదని కొందరనుకుంటారు. అది నిజం కాదు. ఏ ఇంజను పొగలోనైనా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దీన్ని 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. పోర్టబుల్ జనరేటర్ల నుంచి వచ్చే ఈ వాయువు వల్ల అమెరికాలో ఏటా దాదాపు 100 మంది చనిపోతున్నారని కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ అంచనా.

కొండల మీద ఇంకో చిక్కుంది. దీని తొలి లక్షణాలు తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం. ఎత్తు పడకపోయినా సరిగ్గా ఇవే లక్షణాలు! పాపకి తలనొప్పంటే "ఎత్తు కదా, పడుకుంటే తగ్గుతుంది" అని లోపలే పడుకోబెట్టకండి. ముందు అందరూ బయటికి రండి, 911కి ఫోన్ చెయ్యండి. ఒకరికి మించి ఒకేసారి బాగోలేకపోయినా, బయటి గాలికి తేరుకున్నా అనుమానం ఇంకా బలపడాలి.

జనరేటరుని కాంపరుకి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం మనకీ పక్కవాళ్ళకీ ఎడంగా తిప్పి పెట్టండి. వాన పడుతోందని గుడారంలోకో, ఆనింగు కిందకో, కారు డిక్కీలోకో చేర్చవద్దు. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. అందుకే గ్యాసు డిటెక్టరు నేలకి దగ్గరగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టరు పడక దగ్గర ఉండాలి. రెండిటికీ గడువు తేదీలుంటాయి, బయల్దేరే ముందు చూసుకోండి.

కొనే ముందు మీ యూనిట్ల లెక్క వేసుకుని, బాటరీ, ఛార్జరు తేల్చుకోండి. జనరేటరు ఎంత ఉండాలో చివర్న దానంతటదే తేలుతుంది. మీరనుకున్న దానికంటే చిన్నదే సరిపోవచ్చు.