గ్యాస్ ఒడ్డెక్కే చోట

కృష్ణా-గోదావరి బేసిన్ కాకినాడ నుంచి ఒంగోలు దాకా పరుచుకుని ఉంది. అయినా రిగ్గుల సందడంతా గోదావరి నోటి దగ్గరే. అందుకే దర్శి మిరప రైతుకు సముద్రంలో చమురు తవ్వకం పేపర్లో చదివే వార్త. కోనసీమ గంగపుత్రులకు మాత్రం బతుకుతెరువుతో ముడిపడ్డ వ్యవహారం.

2009 ఏప్రిల్‌లో రిలయన్స్ డీ6 గ్యాస్ గాడిమొగ చేరింది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో తొలి చమురు తీసింది. ఆ బ్లాకులో నీటి లోతు 300 నుంచి 3,200 మీటర్లు. చమురు సముద్రంపైనే లంగరేసిన ఓడలో నిల్వ ఉంటుంది, గ్యాస్ గొట్టంలో ఓడలరేవు చేరుతుంది.

తవ్వేటప్పుడు బావిలో ఒత్తిడిని అణచడానికి, తొలిచిన రాతిపొడిని పైకి తేవడానికి ప్రత్యేకమైన బురద పంపుతారు. దాన్ని బరువెక్కించేది బరైటు, అంటే మన కడప వైపు మంగంపేటలో తవ్వే ముగ్గురాయి! అలా పైకి వచ్చిన రాతిపొడి బావి చుట్టూ మేట వేస్తే అడుగున బతికే జీవాలు ఊపిరాడక చస్తాయి.

వేటగాళ్ల గోడు వేరు. ప్లాట్‌ఫాం కాళ్లకు నాచు పట్టి చేపలు అక్కడికే చేరతాయి. కానీ దాని చుట్టూ 500 మీటర్ల లోపల వల వేయకూడదు. పైప్‌లైన్ పనులతో వేట దెబ్బతిన్న కోనసీమ, కాకినాడ జిల్లాల్లోని 23,458 కుటుంబాలకు నెలకు 11,500 రూపాయల లెక్కన ఓఎన్‌జీసీ పరిహారం చెల్లించింది. వచ్చింది మంచిదే. కానీ పడవ కదలకపోతే తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మే ఆడవాళ్లకూ, ఐసు అమ్మేవాళ్లకూ పని పోతుంది. కుటుంబానికి ఇంతని కట్టే లెక్కలో ఈ నష్టాలు ఇమడవు.

ఇక్కడి పెద్ద ప్రమాదాలు నేల మీద జరిగినవే. 1995 జనవరిలో పాశర్లపూడి బావి భగ్గుమని 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గెయిల్ గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు.

నడిసముద్రంలో అంతటి చేటు ఇక్కడ ఇంకా జరగలేదు. 2010లో అమెరికా తీరాన డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది పోయారు. సుమారు 1,500 మీటర్ల లోతులోని బావి నుంచి చమురు 87 రోజులు కారింది. అలాంటిది ఇక్కడ జరిగితే మొదట దెబ్బ తినేది కోరింగ మడ అడవి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్లతోనే మడచెట్లు గాలి పీలుస్తాయి, జిడ్డు అంటితే అవి మూసుకుపోతాయి. ఆ బురదలోకి దిగి చమురు తుడవాలని చూస్తే వేళ్లే విరుగుతాయి. అందుకే పోటు రాకముందే పాయల నోళ్లకు అడ్డంగా తేలే తెప్పకట్లు వేసి జిడ్డును బయటే ఆపాలి.