చద్ది కుండ – ప్రోబయాటిక్ క్యాప్సూల్: దూరపు పరుగుల నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

పల్నాడు ఆహారచరిత్రలో జొన్నది పెద్దపీట. శ్రీనాథునికి ఆపాదితమైన చాటువులు ఈ సీమ జొన్నకూటిని ఎత్తిపొడిచాయి. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో గంజో పోసి పులియనిచ్చిన చద్ది, తరవాణి తెలుగునాట శ్రమజీవుల ఉదయాహారం. పోతన భాగవత దశమస్కంధంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి చల్దులారగించిన ఘట్టం సుప్రసిద్ధం. ఈ చద్దే అసలైన ప్రోబయాటిక్ అనే మాట నేడు తరచు వినిపిస్తోంది. మరోవైపు, ప్రోబయాటిక్ క్యాప్సూళ్లు పరుగు సామర్థ్యాన్ని పెంచుతాయనే ప్రచారమూ ఉంది. ఈ రెండు వాదాలలో ఎంతవరకు శాస్త్రాధారం ఉందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిర్వచనం – చద్ది స్థానం:

తగిన మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేకూర్చే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయాటిక్‌లని ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లో నిర్వచించారు. సజీవత, మోతాదు, నిరూపితమైన మేలు – ఈ మూడూ అందులోని షరతులు. చద్దిలో లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఉంటుంది. అయితే ఏ రకం, ఎంత సంఖ్యలో ఉంటుందనేది ఇంటింటికీ, ఋతువు ఋతువుకూ మారుతుంది. కాబట్టి చద్దిని పులిసిన ఆహారం అనడమే సమంజసం. పిండిపదార్థం, నీరు, ఉప్పు అందించే ఆహారంగా దాని విలువ దానికుంది.

3. పరుగు – పేగు:

దీర్ఘకాలం పరుగెత్తేటప్పుడు రక్తం కండరాలకు, చర్మానికి ఎక్కువగా మళ్లి, పేగులకు తగ్గుతుంది. ఎండ తోడైతే ఈ ఒత్తిడి పెరుగుతుంది. వికారం, కడుపునొప్పి, విరేచనాలు అందువల్ల కలగవచ్చు. ఎండలకు పేరుబడ్డ రెంటచింతల ఉన్న పల్నాడులో ఇది గమనింపదగిన విషయం.

ఆస్ట్రేలియా పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో 10 మంది పరుగువీరులు నాలుగు వారాలు బహుళజాతి ప్రోబయాటిక్ తీసుకుని 35 డిగ్రీల వేడిలో పరుగెత్తారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నప్పుడు దాదాపు 33 నిమిషాలకు అలసినవారు, ప్రోబయాటిక్‌తో 37 నిమిషాలకు పైగా నిలిచారు. 2019లో బ్రిటన్ పరిశోధకులు 24 మంది మారథాన్ పరుగరులపై 28 రోజుల ప్రయోగ ఫలితాలు వెల్లడించారు. పరుగు చివరి భాగంలో జీర్ణకోశ బాధలు తగ్గాయి; పరుగు పూర్తిచేసిన సమయంలో మాత్రం చెప్పుకోదగిన తేడా రాలేదు. అదే ఏడాది బోస్టన్ మారథాన్ పరుగరుల పేగుల్లో గుర్తించిన వీలొనెల్లా బాక్టీరియాను ఎలుకలకు ఇవ్వగా వాటి పరుగు సమయం 13 శాతం పెరిగింది. లాక్టేట్‌ను ప్రొపియోనేట్‌గా మార్చడం ఆ బాక్టీరియా గుణం. ఎలుకలలో వచ్చిన ఈ ఫలితాన్ని మనుషులకు నేరుగా అన్వయించలేం.

4. ముగింపు:

పై ప్రయోగాలు చిన్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క రకం సూక్ష్మజీవులకు, నిర్ణీత మోతాదుకు సంబంధించినవి. ఒక రకం ఫలితం మరొక రకానికి వర్తించదు. కానిస్టేబుల్ ఎంపికలోని 1600 మీటర్ల పరుగుకు సిద్ధమయ్యే నరసరావుపేట, మాచర్ల, గురజాల యువత క్యాప్సూల్ కొనేముందు అందులోని సూక్ష్మజీవి పూర్తి పేరు, మోతాదు, అది ఎవరిపై ఎన్ని వారాలు పరీక్షితమైందో అడగాలి. జవాబు లేనప్పుడు ఆ సొమ్ము తిండికి వెచ్చించడం మేలు. చద్దిని కీర్తించడానికి దానికి లేని శాస్త్రనామం తగిలించనక్కరలేదు.