భర్మారు తుపాకికి ఇంట కుట్టిన తోలు పట్టె

మక్క కంకి పాలు పోసికొను దినములలో మన రైతునకు నిద్రలేదు. అడవిపందుల గుంపొకటి ఒక్క రాత్రి చేనబడెనా, తెల్లవారునప్పటికి విరిగిన దంట్లును, నమిలి పారవైచిన కంకులును తప్ప మరేమియు మిగులదు. 2016 సం॥లో కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి గాని, పందులకు ఆ యెల్లలు తెలియవు. మానేరు ప్రక్కన నెట్లో కడెము ప్రక్కనను అట్లే వచ్చుచున్నవి. కావున మంచె వేసి, డబ్బా మ్రోగించి, మంట పెట్టి కావలి కాయువారు నేటికిని గలరు. వారిలో కొందరి యిండ్లలో పెద్దలనాటి భర్మారు తుపాకియు నున్నది. మూతినుండి మందు పోసి, గజమను కడ్డీతో దట్టించి, టోపీ పెట్టి పేల్చు తుపాకి యిది. దానిని భుజమున మోయుటకు రైతు తనంతట తాను కుట్టుకొనదగిన తోలు పట్టెను గూర్చి యిచ్చట వ్రాయుచున్నాము.

పట్టె వంటి చిన్న వస్తువునకు ఇంత వ్రాత యేల యని కొందరు నవ్వవచ్చును. మే మెరిగిన సభ్యుడొకడు తన తుపాకికి గోనెతాడు కట్టి వాడుకొనుచుండెను. ఒక రాత్రి పందుల అలికిడి విని, ఒక చేత టార్చిలైటు పట్టుకొని, రెండవ చేత నిచ్చెన పట్టుకొని మంచె నెక్కుచుండగా, గొట్టపు టంచున ఒరసికొని ఒరసికొని యున్న తాడు నాలుగవ మెట్టుకడ తెగినది. తుపాకి క్రింద పడగా, టోపీపై కొట్టు సుత్తి రాతికి తగిలి మందు పేలినది. గుండ్లు ఆతని చెవి ప్రక్కగా పోయి మంచె కప్పును చీల్చినవి. ప్రాణము దక్కెను గాని నాటినుండి ఆ చెవి సరిగా వినబడదు. ఇందు తప్పులు రెండు: నమ్మదగని తాడు ఒకటి, టోపీ పెట్టిన తుపాకితో నిచ్చెన నెక్కుట రెండవది. మొదటిదానికి మందు మంచి తోలు. రెండవదానికి మందు తోలులో లేదు. దానిని తరువాత చెప్పెదము.

ముందుగా చట్టము మాట. 1959 సం॥ ఆయుధ చట్టములోని 13వ సెక్షను, పంట కాపుదలకై భర్మారు తుపాకికి లైసెన్సు నిచ్చుటను పేరెత్తి చెప్పుచున్నది. కాని ఆ లైసెన్సు తుపాకి నుంచుకొనుటకే; పందిని చంపుటకు గాదు. 1972 సం॥ వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దానికి వేరుగా అనుమతి పొందవలెను. కవ్వాల్ పులుల అభయారణ్యము ప్రక్కల సేద్యము చేయువారు ఈ సంగతి మరింత గుర్తుంచుకొనవలెను. లైసెన్సే లేని తుపాకికి ఎంత చక్కని పట్టె కుట్టినను, అది ఠాణాకు మోసికొనిపోవుటకే పనికివచ్చును.

ఇక తోలు. మోటబావులు నడచిన కాలమున మంచి తోలన నెట్టిదో రైతునకు ఒకరు చెప్పనక్కరలేకుండెను. దినమంతయు నీటను ఎండను పడి బరువు లాగిన మోట తొండమే దానికి సాక్ష్యము. ఊరి మాదిగ పనివారు పచ్చితోలును సున్నపునీట నానవైచి, వెండ్రుకలు గీకి, తంగేడుచెక్క కషాయముతో లందలో దినముల తరబడి యుంచి దానిని పదును చేసెడివారు. బతుకమ్మకు పూవు నిచ్చు తంగేడే తోలునకు చెక్కయు నిచ్చెను. కరెంటు మోటార్లు వచ్చి మోట పోయినది; మోటతో పెక్కు గ్రామములలో లందలును పోయినవి. ఆ నేర్పునకు తగిన వెలగాని గౌరవముగాని మనము నాడు చెల్లింపలేదని యొప్పుకొనుట న్యాయము.

నేడు పట్టణపు అంగడిలో తోలు కొనువారు దాని కోసిన అంచును చూడవలెను. అంచు లోపలిదాక గోధుమరంగున నున్నచో చెక్కతో పదును చేసినది. నడుమ నీలపుచాయ బూడిదరంగు గానవచ్చినచో క్రోము ఉప్పుతో చేసినది. అది మెత్తగా నుండును గాని బరువునకు సాగును. చెక్క తోలునే అడిగి తీసికొనుడు. బఱ్ఱెతోలు శ్రేష్ఠము. అందును వెన్నుభాగము కావలెను; పొట్టభాగము సాగి వదులగును. పాత తొండపు తోలు అటకమీద నున్నదిగదా యని దానిని కోయబోకుడు. వంచి చూచినచో బీటలు వారును.

పట్టె నిడివి నాలుగడుగులు, వెడల్పు అంగుళమున్నర, మందము అంగుళములో 8వ వంతు చాలును. వెన్నెముక పొడవునకు సరిగా గీత గీచి, ఒకే కోతగా కోయవలెను. అంచులను గీకి గుండ్రన చేసి, తడిబట్టతో రుద్దినచో భుజము కోయదు. ఆ పిమ్మట వెచ్చని ఆముదము పలుచగా పట్టించి ఒక రాత్రి నీడనుంచవలెను. ఎక్కువ పోసిన తోలు మెత్తబడి సాగును, చెడును.

మన భర్మారులకు చాలవానికి పట్టె తగిలించు కడియములుండవు. అందుకై గొట్టమునకు చిల్లు పొడువబోకుడు, అది ప్రాణాంతకము. వెనుక కొయ్యకు, అనగా కుందాకు, కాలికి జోడు తొడిగినట్లు మడమవైపు మూసిన తోలు తొడుగును కుట్టి బిగువుగా నెక్కింపవలెను. పట్టె ముందునకు లాగినకొలది ఆ తొడుగు గట్టిపడును. పేల్చునప్పుడు భుజమునకు మెత్తగా నుండుట అదనపు లాభము. ముందువైపున గొట్టమును కొయ్యను కలిపి యుంచు ఇత్తడి బద్దకు మూతివైపుగా తోలు ఉచ్చు వేయవలెను. గజమును బయటికి తీసి, ఉచ్చును గజమునకు లోపలివైపునుండి పోనిచ్చి, మరల గజమును దూర్చి చూడుడు. అది యే మాత్రము పట్టుకొన్నను ఉచ్చు చోటు మార్చవలెను.

కుట్టుటకు ఆరెతో ముందుగా రంధ్రములు పొడిచి, తేనెమైనము రుద్దిన గట్టిదారమును రెండు సూదులతో రెండువైపులనుండి ఒకే రంధ్రమున నడుపవలెను. అట్లు కుట్టినచో ఒక పోగు తెగినను రెండవది నిలుచును. బకిలీ ఇత్తడిదే వాడుడు. చెక్కతోలుపై ఇనుము తగిలి తడిసినచో నల్లని మచ్చ పడి, కొంతకాలమునకు ఆ చోటనే తోలు చివికిపోవును.

సగము కుట్టిన తరువాత పట్టెను దూలమునకు కట్టి 20 కిలోల ధాన్యపు మూటను రాత్రియంతయు వ్రేలాడదీయుడు. సాగవలసినది సాగిన పిమ్మటనే బకిలీ రంధ్రములు పొడువవలెను. తొందరపడి ముందే పొడిచినవారు మరల కొత్త తోలు కొనిరి.

పట్టె తగిలించుకొనునప్పుడు తుపాకి మూతి పైకి, తలకు దూరముగా నుండవలెను. మూతి క్రిందికి వ్రేలాడినచో దట్టించిన గుండ్లు జారి మందునకు ఎడమగును. అట్టి తుపాకిని పేల్చినచో గొట్టము పగులవచ్చును. రెండవ తప్పునకు మందు ఇదే: మంచెపైకి చేరువరకు మందు దట్టింపరాదు, దిగునప్పుడు మందు మిగిలియున్నచో టోపీ తీసివేసి, దానిని జేబున వేసికొన్న పిమ్మటనే నిచ్చెన మీద కాలు పెట్టవలెను. పట్టె రెండు చేతులను ఖాళీ చేయును. ఆ చేతులు నిచ్చెనను పట్టుకొనుటకే.

ఎన్నికలప్పుడు తుపాకులను ఠాణాలో నప్పగింపవలసి వచ్చును. అప్పుడు పట్టెను విప్పి యింటనే యుంచుకొనుడు. తోలు తేమను పీల్చి గొట్టమునకు తుప్పు పట్టించును, తానును బూజుపట్టును. ఇంటనైనను వానకాలమున విడిగా, పొగ తగలని గాలిచోట వ్రేలాడదీయుట మేలు.

ఒక పట్టెకై ఒక తోలు కొనుట దండుగ. ఒక ప్రక్క వెన్నుతోలునుండి పదికి తక్కువగాకుండ పట్టెలు వచ్చును గనుక, అవసరమున్న సభ్యులు కలిసి కొని, కోత మాత్రము తోలుపని తెలిసినవానిచేత కూలి యిచ్చి చేయించుకొనవచ్చును. మేము కుట్టించిన మాదిరి పట్టె యొకటి సంఘపు గదిలో తలుపు ప్రక్క మేకునకు వ్రేలాడుచున్నది. కొలతలు తీసికొనగోరువారు దారము వెంట తెచ్చుకొనుడు.