వీధి దాటువేళ చేతి భాష

నోటిమాట వినబడని చోట చేయి పలుకును. జనగామ హైదరాబాదు–వరంగల్లు మార్గమున నున్నది. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు లారీలు తిరుగును. మానుకోట యని మనము పిలుచుకొను మహబూబాబాదులో అంగడికి బోవు ఆటోలకు కొదువ లేదు. ఈ మూడు చోట్లను బిడ్డను చంక నెత్తుకొన్న తల్లి యరచేయి చాచి, "కొంచెము ఆగు నాయనా" యని సైగతోనే వేడుకొని దారి దాటుచుండును.

డ్రైవరు చేతికిని భాష గలదు. మన దేశమున డ్రైవరు కుడివైపున కూర్చుండును గనుక కుడిచేతితోనే సంజ్ఞ చేయును. అరచేయి నేలవైపు త్రిప్పి చేతిని పైకి క్రిందికి ఆడించినచో వేగము తగ్గించుచున్నాడనియు, ముంజేతిని నిటారుగా నెత్తినచో ఆగుచున్నాడనియు, చేతిని ప్రక్కకు చాచినచో కుడికి మరలుననియు గ్రహింపవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 121వ సెక్షను డ్రైవర్లు నిర్ణీత సంజ్ఞలు చేయవలెనని విధించుచు, మరలుటకును ఆగుటకును దీపముల వంటి సాధనములను వాడవచ్చునని యనుమతించినది. దీపములు వచ్చిన పిదప చేతిసైగలు తగ్గినవి. అయినను "నీవు దాటుము" అని ఏ దీపమును చెప్పజాలదు. ఆ మాట నేటికిని చేయియే చెప్పవలెను.

ఇచ్చటనే యొక యపాయము గలదు. లారీ డ్రైవరు దయతో ఆగి, పొమ్మని చేయి యూపును. ఆ సైగ యతని బండికి మాత్రమే చెల్లును. లారీ చాటున దూసుకొని వచ్చు మోటారు సైకిలువానికి మనము కనబడము, మనకు వాడు కనబడడు. కావున లారీ ముందు నుండి నడచి దాని యంచు చేరగానే నిలిచి, తొంగి చూచి, పిమ్మట మిగిలిన దారి దాటవలెను. మరియు లారీకి మరీ చేరువగా నడువరాదు. ఎత్తున కూర్చున్న డ్రైవరునకు బండి ముందరి పసిబిడ్డ కనబడదు.

మన చేయి చేయునది మనవి మాత్రమే. బండి నెమ్మదించినదా, డ్రైవరు మనలను చూచినాడా యని తెలిసికొనిన పిమ్మటనే అడుగు వేయవలెను. చీకటిలో చేయి కానరాదు గనుక వెలుతురున్న చోటనే దాటుట మేలు.

జపానులో దారి దాటువారు చేయి యెత్తవలెనను మాటను 1978లో పోలీసుశాఖవారి రహదారి నియమబోధ నుండి తొలగించి, 2021లో మరల చేర్చిరి. మనము ప్రభుత్వము బోధించువరకు వేచియుండ నేల? బడికి బోవు బిడ్డలకు ఇంటి ముంగిటనే ఈ చేతి భాష నేర్పుదము.